జామ కుటుంబపు తైలములు: ఆవిరిలో వచ్చునది, కషాయమున నిలుచునది

కర్నూలు, కడప సీమలలో ఏ గ్రామమునకు పోయినను పెరటిలో జామచెట్టు, వంకయొడ్డున నేరేడుచెట్టు, బాటప్రక్కనో బీడుభూమిలోనో జామాయిల్ చెట్లు, వంటయింటి పోపులపెట్టెలో నాలుగు లవంగములు కానవచ్చును. ఈ నాలుగును ఒకే కుటుంబమునకు చెందినవని చెప్పినచో చాలమంది ఆశ్చర్యపడుదురు. జామపండునకును లవంగమొగ్గకును పోలిక యేమున్నది? అయినను యూకలిప్టస్ చెట్టునకు మన తెలుగువారిలో వాడుకయైన ‘జామాయిల్’ అను పేరులో జామయు, ఆయిలును కలిసి వినబడుచున్నవి. వృక్షశాస్త్రము చెప్పునదియు అదియే. ఇవి యన్నియు జామ కుటుంబపు చెట్లు. వీని ఆకులన్నిటిలో తైలము కలదు.

ఈ చెట్ల ఆకును, తైలమును మందుగా వాడుట మన గ్రామములలో పరిపాటి. విరేచనములైనచో జామాకు కషాయము, జలుబు చేసినచో నీలగిరి తైలము, పన్నునొప్పికి లవంగతైలము. వీనిలో మేలు కలిగించు వాడుక కలదు. ప్రాణము మీదికి తెచ్చు వాడుకయు కలదు. ఏది యేదో తెలియుటకు ఒక్క సంగతి గ్రహించిన చాలును. ఆకును ఉడికించునపుడు ఆవిరితో లేచిపోవు పదార్థములు వేరు. నీటిలో నిలిచిపోవు పదార్థములు వేరు. రెండును ఒకే ఆకులోనివే యైనను వాని గుణము వేరు, మోతాదు వేరు, అపాయము వేరు. ఈ సంగతినే ఇచట వివరింపదలచితిమి.

ఆకును వెలుగునకు పట్టి చూడుడు

ముదిరిన జామాయిల్ ఆకు నొకదానిని కోసి, సూర్యునివైపు కాక ఆకాశపు వెలుగునకు ఎదురుగా పట్టి చూడుడు. సూదితో పొడిచినట్లు సన్నని చుక్కలు కనబడును. అవి రంధ్రములు కావు; తైలపు తిత్తులు. జామాకులోను, నేరేడాకులోను ఇట్టివే కలవు గాని, అవి మరింత చిన్నవి యగుటచే భూతద్దముతో చూచిన తేటపడును. ఆకును నలిపినపుడు ఈ తిత్తులు పగిలి తైలము బయటపడును. మన ముక్కునకు తగులు వాసన అదియే.

ఈ కుటుంబమునకు శాస్త్రములో మిర్టేసీ యని పేరు. ఇందు సుమారు 130 ప్రజాతులును, ఐదువేలకు పైగా జాతులును కలవు. ఆకులలో తైలపు తిత్తులుండుట, ఆకు అంచువెంబడి ఒక సన్నని ఈనె సాగుట, పువ్వులో కేసరములు కుచ్చువలె అనేకముగా నుండుట దీని గుర్తులు. జామపువ్వును, నేరేడుపువ్వును, కార్యాలయముల ఆవరణలలో పెంచు బాటిల్ బ్రష్ ఎర్రపువ్వును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఆ కేసరముల కుచ్చు మూడింటను కనబడును. బడిపిల్లలకు ఉపాధ్యాయులు దీనిని చూపించుట మంచిది.

ఈ చుట్టములందరును ఒక దేశమువారు కారు. జామ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములలో పుట్టి, యూరోపియనులు సముద్రయానములు సాగించిన కాలమున మనదేశము చేరినది. జామాయిల్ ఆస్ట్రేలియాది. సుమారు 1790 ప్రాంతమున టిప్పుసుల్తాను మన పొరుగుననే యున్న నందికొండలపై దానిని నాటించెనని చెప్పుదురు. 1843లో అది నీలగిరులకు చేరినది. అచటినుండి వచ్చిన తైలమునకే మనము నేటికిని ‘నీలగిరి తైలము’ అనుచున్నాము. లవంగము తూర్పుసముద్రమునందలి మొలక్కా దీవులది. నేరేడు మాత్రము మన గడ్డది. సంకల్పమున చెప్పుకొను జంబూద్వీపమునకు ఆ పేరు జంబూవృక్షము వలననే వచ్చినది.

ఈ సీమకే చెందిన చుట్టము ఇంకొకటి కలదు. శేషాచలము, లంకమల, నల్లమల కొండలలో పెరుగు ‘మొగి’ చెట్టు నేరేడునకు తోబుట్టువు. దీని శాస్త్రనామము సిజీజియమ్ ఆల్టర్నిఫోలియమ్. ఈ కుటుంబపు చెట్లలో ఎక్కువవాటికి ఆకులు జంటలుగా ఎదురెదురుగా పుట్టగా, దీనికి ఒకటి విడిచి ఒకటిగా పుట్టును. పేరులోని ‘ఆల్టర్నిఫోలియమ్’ అనుమాటకు అర్థము అదియే. తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచములో మరెక్కడను ఈ చెట్టు స్వతస్సిద్ధముగా పెరుగదు. దీనిని గూర్చి చివర మరల చెప్పుదుము.

సుగంధతైలము వేరు, వంటనూనె వేరు

రెండింటిని నూనె యనియే పిలుచుటచే చాలమంది పొరబడుదురు. ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఒక తెల్లకాగితముపై ఒకచోట వేరుసెనగ నూనె చుక్కను, మరియొకచోట నీలగిరి తైలపు చుక్కను వేసి, నీడపట్టున కొన్నిగంటలు ఉంచుడు. వేరుసెనగ నూనె మరక అట్లే నిలుచును. నీలగిరి తైలపు మరక చాలవరకు మాయమగును; వాసన గదియంతయు వ్యాపించును. వంటనూనె కొవ్వుజాతిది, అది ఆహారము. సుగంధతైలము గాలిలో కలిసిపోవు ద్రవము. అందు కొవ్వు లేదు, ఆహారము కాదు. చౌకబారు తైలములో వంటనూనె కలిపియుండినచో ఈ పరీక్షలో మరక మిగిలి, కల్తీ బయటపడును. కర్పూరతైలము కలిపినచో మాత్రము ఈ పరీక్షకు దొరకదు. దానికి ప్రయోగశాల కావలెను.

రెండవ పరీక్ష. ఒక గాజుగ్లాసు నీటిలో నీలగిరి తైలము చుక్క వేసిన తేలును. లవంగతైలము చుక్క వేసిన మెల్లగా అడుగునకు దిగును. ఒకటి నీటికంటె తేలిక, రెండవది నీటికంటె బరువు. ఒకే కుటుంబపు తైలములైనను వాని నిర్మాణము ఒకటి కాదని ఈ గ్లాసే సాక్ష్యము.

తైలములలోని రసాయనములు

సుగంధతైలము ఒక్క పదార్థము కాదు. పదులకొలది, ఒక్కొక్కప్పుడు నూటికి మించిన పదార్థముల మిశ్రమము. వీనిలో ఎక్కువభాగము టర్పీనులను తరగతికి చెందినవి. ఐదు కార్బను పరమాణువులు గల ఐసోప్రీను అను చిన్న నిర్మాణము వీనికి ఇటుకవంటిది. రెండు ఇటుకలు చేరిన పది కార్బనుల పదార్థము, మూడు చేరిన పదునైదు కార్బనుల పదార్థము ఏర్పడును. ఇటుకలు కొన్నియే యైనను మేస్త్రి వానితో గుడియు, బడియు, బావిగట్టును కట్టునట్లు, చెట్టు ఈ ఇటుకలతోనే వేర్వేరు వాసనలను, వేర్వేరు గుణములను నిర్మించును. ఈ తరగతి పదార్థముల స్వరూపమును తేటపరచిన జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ఆటో వాలక్. ఆయనకు 1910లో నోబెల్ బహుమానము లభించినది.

జామాకు తైలములో కారియోఫిలీను అను పదునైదు కార్బనుల పదార్థము తరచుగా ముఖ్యమైనది. లిమొనీను, ఆల్ఫా పైనీను, సినియోలు, నెరోలిడాలు మొదలైనవి దానితో కలిసియుండును. నేరేడాకు తైలములో పైనీనులు, ఆసిమీను వంటి తేలికపాటి పది కార్బనుల పదార్థములు విశేషముగా నుండును.

నీలగిరి తైలమున రాజ్యమేలునది సినియోలు. యూకలిప్టాలనునదియు దీనికే పేరు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోయెజ్ 1870లో దీనికి ఆ పేరు పెట్టెను. ఇది 176 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరగును. నీలగిరులలో పెంచు యూకలిప్టస్ గ్లాబ్యులస్ జాతి తైలములో ఇది నూటికి 60 మొదలు 85 పాళ్ల వరకు ఉండును. నిమ్మవాసన గల జామాయిల్ జాతి యొకటి కలదు; దాని తైలములో సినియోలు స్వల్పము, సిట్రొనెల్లాలు అధికము.

లవంగమొగ్గలో తైలము నూటికి 15 మొదలు 20 పాళ్లు. ఆకులతో పోల్చిన ఇది మిక్కిలి అధికము. ఆ తైలములో 70 మొదలు 90 పాళ్లు యూజినాలు. ఇది టర్పీను కాదు. కార్బాలిక్ ఆమ్లము చేరిన ఫినాలుల వర్గమునకు చెందినది. లవంగతైలము చర్మముపై మంట కలిగించుటకును, నీటిలో మునుగుటకును ఈ యూజినాలే కారణము.

ఒకే జాతి చెట్టులోనైనను ఈ పాళ్లు ఎల్లప్పుడు ఒకేరీతిగా నుండవు. నేల, ఋతువు, ఆకు వయస్సు, ఆరబెట్టిన విధము, వీనినిబట్టి మారుచుండును. కాబట్టియే తైలమును మందుగా అమ్ముటకు ముందు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అను యంత్రముతో పాళ్లను కొలుతురు. మన బాటప్రక్క జామాయిల్ చెట్లలో చాలభాగము కలపకొరకును, కాగితపు గుజ్జుకొరకును పెంచు జాతులు. నీలగిరులలోని ఔషధతైలపు జాతి కావు. బీడులోని ఆకును కాచి తీసిన ద్రవమును మందుల అంగడిలోని నీలగిరి తైలముతో సమానముగా నెంచరాదు.

బట్టీలో జరుగునది

సినియోలు 176 డిగ్రీల వద్ద గాని మరగదు. యూజినాలునకు 254 డిగ్రీలు కావలెను. నీరు 100 డిగ్రీలకే మరగును గదా, మరి నీటియావిరితో ఈ తైలము లెట్లు వచ్చుచున్నవి? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో బట్టీ రహస్యము తెలిసినట్లే.

ద్రవము వేడెక్కుకొలది దాని ఆవిరికి ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో సమానమైనపుడు ద్రవము మరగును. ఒకదానిలో ఒకటి కలియని రెండు ద్రవములు ఒకే పాత్రలో నున్నప్పుడు రెండింటి ఆవిరి ఒత్తిడులును కూడుకొనును. ఇద్దరు కలిసి మోసినపుడు మూట త్వరగా లేచునట్లు, నీరును తైలమును కలిసి 100 డిగ్రీలకు కొంచెము లోపలనే మరగి ఆవిరియగును. ఆ ఆవిరిని చల్లని గొట్టముగుండ పంపినచో నీరుగా మారి క్రిందికి దిగును. నీటిపై తేలిన తైలమును, లేక అడుగున చేరిన తైలమును వేరుచేసి తీయుదురు.

ఇపుడు బట్టీ అడుగున మిగిలినదేమో చూడవలెను. ఆవిరి కానేరని పదార్థములన్నియు అచటనే యున్నవి. ఆకునకు వగరునిచ్చు టానినులు, క్వెర్సెటిను మొదలగు ఫ్లావనాయిడులు, లవణములు, రంగులు, ఇవి నీటిలో కరగి నిలుచును. అనగా తైలపు సీసాలో వగరు లేదు; కషాయపు గ్లాసులో తైలము లేదనదగినంత స్వల్పము. ఇంటిలో మూతలేని గిన్నెలో జామాకు మరిగించునపుడు ఇల్లంతయు పరిమళించును. ఆ పరిమళమే తైలము. వాసన గదిని నింపినకొలది తైలము గిన్నెను విడిచినట్లు. మనము త్రాగునది మిగిలిన వగరునీరు.

కాబట్టి జామాకు కషాయమున కున్న మేలు జామాకు తైలమున కున్నదనుకొనుట పొరపాటు. తైలపు గుణము కషాయమున కంటగట్టుటయు అట్టిదే.

తైలముల వైద్యగుణములు

సినియోలు శ్వాసనాళములలోని చిక్కని కఫమును పలుచన చేయుటకును, వాపును తగ్గించుటకును తోడ్పడును. జర్మనీలో స్టెరాయిడు మాత్రలపై ఆధారపడిన 32 మంది ఉబ్బసరోగులలో కొందరికి సినియోలు గొట్టపుమాత్రలను 12 వారములు ఇచ్చి చేసిన పరీక్ష 2003లో ప్రకటితమైనది. స్టెరాయిడు మోతాదు వారిలో సగటున 36 పాళ్లు తగ్గింపగలిగిరి; ఉత్తుత్తి మాత్రలు పుచ్చుకొన్నవారిలో 7 పాళ్లు మాత్రమే తగ్గినది. ఆశాజనకమైన ఫలితమే. కాని ఆ పరీక్షలో వాడినది కొలతతో నింపిన శుద్ధమైన సినియోలు. ప్రతి మోతాదు 200 మిల్లీగ్రాములు. వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చినది. అంగడి తైలమును ఉబ్బసమునకు చెంచాతో త్రాగవచ్చునని ఆ పరీక్ష చెప్పలేదు.

పెద్దవారికి జలుబు చేసినపుడు రుమాలుపై రెండు చుక్కలు వేసికొని వాసన చూచుట, నొప్పిగల కీలుపై కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి రుద్దుకొనుట సాధారణముగా ఉపశమనము కలిగించును. ఆవిరి పట్టుటలో తైలముకంటె మరుగునీటి గిన్నెయే ఎక్కువ ప్రమాదకరము. గిన్నె తలక్రిందులై పిల్లలు కాలుట తరచు జరుగును. పిల్లలను దుప్పటిక్రింద మరుగునీటి గిన్నెముందు కూర్చుండబెట్టరాదు.

యూజినాలు నొప్పిని తాత్కాలికముగా మొద్దుబార్చును, సూక్ష్మజీవులను అణచును. దంతవైద్యులు యూజినాలును జింకు ఆక్సైడు పొడితో కలిపి తాత్కాలికముగా పన్ను నింపుటకు ఉపయోగింతురు. పన్నునొప్పికి దూదిపై ఒక చుక్క వేసి పుచ్చినచోట తాకించుట మంచిదే. చిగురుకు, నాలుకకు తగిలినచో మంటపుట్టును. ఐనను నొప్పి యణగినంతమాత్రమున పుచ్చు మానినట్లు కాదు. దంతవైద్యుని చూచువరకు గడిపించు సాధనము మాత్రమే ఇది.

నిమ్మవాసన జామాయిల్ తైలమును శుద్ధిచేసి తయారుచేయు పి.ఎమ్.డి. యను పదార్థము దోమలను దూరముగా నుంచును. పచ్చితైలమునకు ఆ శక్తి అంతగా నిలువదు. ఆ తయారీనిగూడ మూడేండ్లలోపు బిడ్డలకు వాడరాదని హెచ్చరిక కలదు.

జామాకు, నేరేడాకు తైలములు సూక్ష్మజీవులను అణచుచున్నట్లు ప్రయోగశాలలలో గాజుపళ్లెములపై చేసిన పరీక్షలు అనేకము కలవు. గాజుపళ్లెములో సూక్ష్మజీవి చచ్చుట ఒకటి, రోగి కోలుకొనుట ఒకటి. నడుమ చాలదూరమున్నది. ఆ దూరము దాటువరకు వీనిని మందులని చెప్పుట తగదు.

జామాకును, విరేచనములును

జామాకు కషాయము విరేచనములను తగ్గించునని మన పెద్దలనుటలో సత్యము లేకపోలేదు. మెక్సికో దేశములో 100 మంది రోగులపై చేసి 2002లో ప్రకటించిన పరీక్షలో, క్వెర్సెటిను పాలు కొలిచి తయారుచేసిన జామాకు మందు కడుపునొప్పి కాలమును తగ్గించినట్లు తేలినది. ఇచట పనిచేసినది నీటిలో నిలుచు క్వెర్సెటిను వర్గమే గాని ఆవిరితో పోవు తైలము కాదు. ప్రేగుల మెలిపెట్టుటను అది సడలించును. టానినులు వగరుచే స్రావమును తగ్గించును.

అయినను ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. విరేచనములలో బిడ్డను చంపునది విరేచనము కాదు. ఒంటిలోని నీరును, ఉప్పును తరుగుట. మన సీమలో మండువేసవిలో ఆ తరుగుదల మరింత వేగము. జామాకు కషాయము విరేచనముల లెక్కను తగ్గించినను, పోయిన నీటిని, ఉప్పును తిరిగి నింపజాలదు. కావున మొదటి మందు ఓ.ఆర్.ఎస్. ద్రావణమే. ప్యాకెట్టు అంతయు ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా మాటిమాటికి త్రాగించవలెను. ప్యాకెట్టు దొరకనిచో లీటరు నీటికి ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, రెండును చెంచాకు తలకొట్టి కొలిచి కలుపవలెను. తల్లిపాలు మానిపించరాదు. ఆశా కార్యకర్తవద్ద దొరకు జింకు మాత్రలు 14 దినములు ఇవ్వవలెను. ఆరునెలలలోపు బిడ్డకు దినమునకు 10 మిల్లీగ్రాములు, ఆపైబడినవారికి 20.

కన్నులు లోతుకు పోయినను, మూత్రము తగ్గినను, మలములో రక్తము కనబడినను, బిడ్డ త్రాగలేకపోయినను కషాయములతో కాలము గడుపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పెద్దవారు ద్రావణముతోపాటు జామాకు కషాయము పుచ్చుకొన్నచో అభ్యంతరము లేదు. పసిబిడ్డలకు ఇవ్వవలదు.

నేరేడుగింజల పొడిని గూర్చియు ఇట్లే చెప్పవలెను. అది కషాయవర్గమునకు చెందినదే, తైలముతో పనిలేదు. చక్కెరవ్యాధికి దానిని వాడు ఆచారము ప్రాచీనమైనది. కాని దానిని నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను, ఇన్సులినును మానినవారు కన్నులను, మూత్రపిండములను పోగొట్టుకొందురు. ఆ రెంటికి అది బదులు కాదు.

సీసాలోని అపాయము

ఇచట మన బట్టీ లెక్క మరల అక్కరకు వచ్చును. కిలో జామాకులో తైలము రెండు మూడు గ్రాములకు మించదు. పచ్చి నీలగిరి ఆకులో నూటికి ఒకటి, రెండు పాళ్లు. అనగా ఒక టీచెంచా నీలగిరి తైలములో పావుకిలో మొదలు అరకిలో వరకు ఆకు ఇమిడియున్నది. అరకిలో ఆకును ఎవరును బిడ్డచేత తినిపింపరు; బిడ్డయు తినదు. కాని సీసామూత తీసియున్నచో ఒక్క గుక్కలో అంతయు లోపలికి పోవును.

ఒక టీచెంచా, అనగా సుమారు 5 మిల్లీలీటర్ల నీలగిరి తైలము పెద్దవారికే తీవ్రమైన విషము కాగలదు. పసిబిడ్డకు అంతకంటె తక్కువయే చాలును. గొంతు మంట, వాంతి, మత్తు, అడుగు తూలుట మొదలై, కొద్దినిమిషములలోనే మూర్ఛలు, శ్వాసకష్టము రావచ్చును. లవంగతైలము మ్రింగిన పసిపిల్లలలో స్మృతితప్పుట, కాలేయము దెబ్బతినుట జరిగిన సందర్భములు వైద్యపత్రికలలో కలవు. ‘చెట్టుమందు గదా, చెడుపుచేయదు’ అనుమాట ఇచట పనికిరాదు. చెట్టుమందే, కాని అరకిలో చెట్టును ఒక చెంచాలోనికి దించిన మందు.

కావున ప్రతి యింటను పాటింపదగిన విధులను క్రింద చెప్పుచున్నాము.

తైలపు సీసాను బిడ్డకందని ఎత్తున, మూత బిగించి ఉంచవలెను. దగ్గుమందు సీసాప్రక్కన ఉంచరాదు. రాత్రిపూట పొరపాటున ఒకదానికి ఒకటి పోయుదురు. రెండేండ్లలోపు బిడ్డ ముక్కునకు, ముఖమునకు, ఱొమ్మునకు ఈ తైలములను పూయరాదు. పాలలో చుక్క వేసి పట్టుట బొత్తిగా కూడదు. గర్భిణీస్త్రీలును, మూర్ఛరోగము గలవారును వైద్యుని అడుగక వాడరాదు.

బిడ్డ మ్రింగినచో వాంతి చేయించరాదు. కిరసనాయిలు మ్రింగినపుడు వాంతి చేయించరాదని మన గ్రామములలో చాలమందికి తెలియును. దీనికిని అదియే కారణము. వాంతియగునపుడు తైలము ఊపిరితిత్తులలోనికి పోయి మరింత హానిచేయును. ఉప్పునీరు, చింతపండునీరు త్రాగించుచు కాలహరణము చేయక, 108కి ఫోను చేసి, సీసాను గూడ వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవలెను. సీసా చూచిన వైద్యునకు ఏమి మ్రింగెనో, ఎంత మ్రింగెనో వెంటనే తెలియును.

రైతునకు ఆదాయమగునా?

ఇంత విలువగల తైలమును మనమే తీసి అమ్మరాదా యని రైతుసోదరులు అడుగవచ్చును. జామాకులో తైలము నూటికి 0.2 పాలు చొప్పున లెక్కించినచో కిలో తైలమునకు 500 కిలోల ఆకు కావలెను. అంత ఆకు కోసినచో చెట్టు కాపు తగ్గును. దానిని కాచుటకు వంటచెరకును, ఆవిరిని చల్లార్చుటకు నీరును కావలెను. వానలు తక్కువైన మన సీమలో ఆ రెండును చౌకగా దొరకునవి కావు. తైలము కొరకని జామతోట వేయుట మేము సలహా ఇవ్వజాలము. పండుకొరకు పెంచిన తోటలో కొమ్మలు కత్తిరించినపుడు రాలు ఆకును నీడన ఆరబెట్టి అమ్ముట, కొనువాడు ముందుగా దొరికినచో, కొంత నయము.

బట్టీ పెట్టదలచినవారు ఎవరో యంత్రము అమ్మువాడు చూపిన కాగితపులెక్కను నమ్మి అప్పుచేయక, మొదట విచారించుట మంచిది. సుగంధతైలపు పైరులను గూర్చి కేంద్ర ఔషధ సుగంధ సస్యముల సంస్థ, సీమ్యాప్, పరిశోధనలు జరుపుచున్నది. హైదరాబాదు బోడుప్పల్‌లో దానికి శాఖ కలదు. ఈ పైరుల విస్తరణకు అరోమా మిషను అను కార్యక్రమము 2017లో ఆరంభమైనది. కడపవద్ద ఊటుకూరు, ఎమ్మిగనూరువద్ద బనవాసి, 2022లో కర్నూలునుండి విడివడిన నంద్యాల జిల్లాలోని యాగంటిపల్లె, ఈ మూడుచోట్లను కృషి విజ్ఞాన కేంద్రములు కలవు. తన నేలకు, తన నీటికి ఏది తగునో అచట అడిగి తెలిసికొనవచ్చును.

కొండమీది చుట్టము

ఇపుడు మొగిచెట్టు సంగతి. కొండజనులు దీని పండ్లు తిందురు, సంతలకు తెచ్చి అమ్ముదురు. కట్టె గట్టిదగుటచే పనిముట్లకు కొట్టుదురు. గింజను మందుగా వాడుదురు. ఆకులో తైలము కలదని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. ఇంతలో చెట్టు తరుగుచున్నది. ప్రపంచమున అపాయమునకు గురియైన జాతులలో ఒకటిగా దీనిని లెక్కించుచున్నారు. పండు నంతటిని దించినచో గింజ నేలరాలదు. కొండకు నిప్పంటుకొన్నచో మొలక నిలువదు. ఆస్ట్రేలియా చెట్టును వేలయెకరములలో నాటిన మనము, మన కొండకే పుట్టిన చెట్టును పోగొట్టుకొన్నచో దానిని తిరిగి తెప్పించుకొనుటకు వేరొక దేశము లేదు. పండ్లు కోయువారు చెట్టున కొన్నిటిని విడిచిపెట్టుట, కొమ్మ విరువక కోయుట, వేసవిలో కొండచరియల నిప్పు పెట్టకుండుట, ఈపాటి మన చేతిలోనే యున్నది. గింజనుండి మొలకెత్తిన నారును బడితోటలోనో, దేవాలయపు ఆవరణలోనో పెంచుటయు కష్టముకాదు. అడవిశాఖవారిని అడిగి చేయవలెను.

ఈ పాఠమునుండి పాఠకులు రెండుమాటలు జ్ఞాపకముంచుకొనిన మా శ్రమ ఫలించినట్లే. ఇంటిలో జామాకు మరుగుచు పరిమళించినపుడు ఆ పరిమళము తైలమనియు, గిన్నెలో మిగిలినది వేరనియు తలచుకొనుడు. తరువాత లేచి, నీలగిరి తైలపు సీసా ఎక్కడనున్నదో చూచి, బిడ్డకు అందుచోట నున్నచో అప్పుడే తీసి అటకపై పెట్టుడు. చదివిన చదువు అచటితో మొదలగును.